చిన్న లైను పోయినప్పుడు మీ ఊళ్లో ఏం పోయింది? (నంద్యాల–గిద్దలూరు మీటర్ గేజ్)

నంద్యాల మిక్సీ రిపేరు:

అందరికీ నమస్కారం. మాది గాజులపల్లె, ఇప్పుడు ఉండేది నంద్యాలలో. మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసే కొట్టు నాది. రైళ్ల గురించి నాకు పెద్దగా తెలీదు. గుంతకల్లు వైపు పనిచేసిన పెద్దలు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నా.

మొన్న ఆదివారం మా అమ్మ సీతాఫలాలు అమ్మేవాడితో గొడవ పెట్టుకుంది. ధర గురించి కాదు. "ఈ కాయ ఎప్పుడు పండుతాది?" అని అడిగితే వాడు "రెండ్రోజులు పెట్టండమ్మా" అన్నాడు. అన్ని కాయలకూ అదే సమాధానం. అమ్మకు కోపం వచ్చింది. "కన్ను ఇచ్చిన కాయా, ఇయ్యని కాయా ఒకే గంపలో ఏసుకోని అమ్ముతావేందబ్బా, ఇదేమన్నా ఎర్రగడ్డలా?" అని. కాయ మీద గళ్ల మధ్య సందులు తెల్లగా విచ్చుకుంటే దాన్ని కన్ను ఇచ్చిందంటారు. విచ్చుకున్న వెడల్పు చూసి ఈ పూటకా, రేపటికా, ఎల్లుండికా అని మా అమ్మ చెప్పేస్తుంది. ఇప్పటికీ తప్పు పోదు.

నా చిన్నప్పుడు ఆమె పని అదే. శ్రావణం దాటితే చాలు, తెల్లారి ప్యాసింజరెక్కి, బొగద (కొండ తొలిచిన రైలు సొరంగం) దాటినాక అడవిలో ఉండే చిన్న స్టేషన్‌లో దిగేది. ఆమెతో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. చెంచు ఆడవాళ్లు కాయలు తెచ్చి స్టేషన్ పక్కన చెట్ల కింద కూర్చునేవాళ్లు. కొంత డబ్బు, కొంత ఉప్పు, పొగాకు, మిరపకాయలు ఇచ్చి బేరం. తిరుగు బండి వచ్చేలోపల కాయలు ఏరి, గంపలో ఒక వరస టేకాకు, ఒక వరస కాయ, కాయకు కాయ తగలకుండా సర్దేవాళ్లు. సీటు కింద రెండు గంపలు, తలుపు దగ్గర రెండు. ఎవరైనా టికెట్ గురించి అడిగితే రెండు కాయలు. నంద్యాల స్టేషన్ బయటే కూర్చొని అమ్మేది. కన్ను బాగా ఇచ్చినవి ఆ సాయంత్రానికే, మిగతావి మరుసటి రోజు.

అలాంటిది ఎప్పుడు మానేసిందో నాకు గుర్తులేదు. అడిగాను. "నేను మానేయడమేంది? బండి మానేసింది" అంది.

1990ల మధ్యలో పెద్ద లైను వేయడానికి చిన్న లైను మూశారు కదా, ఆ సంగతి. ఆ ఏడు అమ్మ బస్సులో తెచ్చి చూసింది. కండక్టరు గంపలు లోపలికి రానియ్యడు, పైకెక్కించాలి. పచ్చెర్ల దాటి ఘాట్ మలుపులు తిరిగేసరికి పైన కాయలు చితికి రసం కిటికీ మీదుగా కారేది. ఒకసారి లోపల కూర్చున్న పెద్దమనిషి తెల్లచొక్కా మీద పడింది. ఆయనకు చాకలి డబ్బులు కూడా అమ్మే ఇచ్చుకుంది. పైగా చెంచులు బస్సు రోడ్డు దాకా నడిచి రావాలి, వాళ్లూ ఎన్నాళ్లు వస్తారు? ఒక్క సీజన్‌తో ఆపేసి మహానంది పక్క అరటితోటల్లో కూలికి పోయింది.

తర్వాత పెద్ద లైను వచ్చింది. మా నాయన మమ్మల్నందర్నీ ఎక్కించుకొని గిద్దలూరు దాకా తీసుకుపోయాడు, ఊరికే చూద్దామని. అమ్మ కిటికీకి అతుక్కొని కూర్చుంది. ఆమె దిగే స్టేషను రాలేదు. పట్టాలు పాత దారిన పోలేదు. కొండలో కొత్తగా తొలిచిన బొగదలోంచి తిన్నగా దిగువమెట్ట వైపు తేలాం. స్టేషన్ మూసేశాం అని మాకెవరూ చెప్పలేదు. స్టేషను అడవిలో అక్కడే ఉంది, రైలే వేరే దారి పట్టింది.

నేను అడిగేవి రెండు. ఒకటి, మీ వైపు కూడా లైను మూసినప్పుడు పోయి, మళ్లీ రైలు వచ్చినా తిరిగి రానివి ఏమైనా ఉన్నాయా? రెండు, అమ్మకు ఆ పాత స్టేషను, పాత లైను మీది దొరబావి వంతెన ఒకసారి చూడాలని ఉంది. 71 ఏళ్లు. మోకాళ్లు పర్వాలేదు, నోరు ఇంకా బాగుంది. వెళ్లొచ్చా?

గుంతకల్లు పాత గార్డు:

తమ్ముడూ, మీటర్ గేజ్‌లో గార్డుగా చేరి, బ్రాడ్ గేజ్‌లో రిటైరైన వాణ్ని. ఇప్పుడు గార్డు అనకూడదట, ట్రైన్ మేనేజర్ అనాలట. మేనేజరయ్యే యోగం నాకు కొద్దిలో తప్పింది.

ముందు రెండో ప్రశ్న. వెళ్లొచ్చు అని మీ అంతట మీరు బయల్దేరొద్దు. అక్కడంతా గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, పులులు తిరిగే అడవి. అటవీ శాఖ అనుమతి కావాలి. నంద్యాలలోనే వాళ్ల ఆఫీసు ఉంది, అర్జీ పెట్టుకోండి. కొందరు కుర్రాళ్లు ఇప్పటి పట్టాల వెంట నడిచి పోయి ఫోటోలు తీసుకుంటున్నారు. మహా తప్పు. బొగదలో బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి మీ అమ్మగారికే కాదు, మీకూ కాళ్లు ఆడవు. వానలు తగ్గినాక, వాళ్ల మనిషిని తోడు పెట్టుకొని వెళ్లండి.

ఇక ఆ లైను సంగతి. ధాత కరువు, అంటే 1876–78 కరువులో రాయలసీమలో మనుషులు పిట్టల్లా రాలిపోయారు. గింజలు వేరేచోట ఉన్నా ఇక్కడికి తెచ్చే దారి లేదు. ఆ దెబ్బతో తెల్లదొరలు ఈ వైపు లైన్లు వేయడం మొదలుపెట్టారు. సదరన్ మరాఠా రైల్వే అలా పుట్టిందే. 1890 నాటికి గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, గుంటూరు మీదుగా బెజవాడ వైపు చిన్న లైను నడిచింది. అటు చూస్తే గోవా రేవు, ఇటు చూస్తే బందరు రేవు. మధ్యలో అడ్డం నల్లమల. దొరబావి లోయ మీద వంతెన కట్టింది కూడా ఆ 1880లలోనే. దొర ఎవరో, బావి ఎక్కడో నన్ను అడగొద్దు. మీరు బొగద అన్నారే, అది మరాఠీ మాట. ఆ కంపెనీ కూలీలతోనే మన నోళ్లలోకి వచ్చిందేమో!

ఘాట్‌లో బండి నడపడం గురించి ఒక్క ముక్క. స్టేషన్ మాస్టరు మిషన్‌లోంచి ఇనుప గోళం తీసి, తోలు సంచిలో పెట్టి, బెత్తం రింగుకు కట్టి డ్రైవరుకు ఇస్తాడు. అదే టోకెన్. అది చేతిలో లేకుండా బండి కదలదు, ఎందుకంటే ఒకటే లైను, ఎదురుగా ఇంకో బండి రాకూడదు. ఆగని బండైతే డ్రైవరు పక్క మనిషి పరుగులో ఉన్న బండిలోంచి చెయ్యి చాపి ఆ రింగును భుజానికి తగిలించుకోవాలి. చెయ్యి వాచని ఫైర్‌మన్ను నేను చూడలేదు. ఎత్తు ఎక్కడానికి వెనక నుంచి ఇంకో ఇంజను నెట్టేది, దాన్ని బ్యాంకర్ అంటాం. ఆవిరి ఇంజన్ల కాలంలో బొగదలోకి పోయేముందు "కిటికీలు మూయండి" అని పెట్టెంతా ఒకటే కేకలు. మూయని వాడి ముఖం అవతల తేలేసరికి బొగ్గుల కుప్ప.

ఒక మాట మాత్రం మీకు నచ్చకపోయినా చెబుతా. మార్చకుండా ఉండాల్సింది అంటే నేను ఒప్పుకోను. మీటర్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య ఒక్క మీటరు. పెద్ద లైనులో ఐదడుగుల ఆరంగుళాలు. గుంతకల్లులో బొంబాయి–మద్రాసు పెద్ద లైను మీద వచ్చిన ప్రతి బస్తానూ హమాలీలు దించి, చిన్న లైను పెట్టెల్లోకి ఎక్కించాలి. సిమెంటు సగం సంచుల్లో, సగం హమాలీల ఊపిరితిత్తుల్లో. ఎండాకాలంలో ఆ షెడ్డులో అరగంట నిలబడితే తెలుస్తుంది. 1992లో యూనిగేజ్ అని దేశమంతా ఒకే వెడల్పు చేద్దామన్నప్పుడు మేమంతా సంతోషించాం. ఇప్పుడు ఆ దారిన యాభై ఎనిమిది పెట్టెల గూడ్సు పోతోంది. ఆ బరువుకు పాత వంతెన, పాత మలుపులు పనికిరావు కాబట్టే దారి మార్చారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. మీ అమ్మగారి గంపలు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. అది నిజమే.

హమాలీలూ అంతే. షెడ్డు పోయినాక వాళ్లు ఏమైపోయారో నేను కూడా అడగలేదు. ఇప్పుడు మీరు అడిగేదాకా గుర్తు రాలేదు.

మాటకారి:

పాత రైలు, పాత సీతాఫలం, పాత రోజులు. అన్నీ పాతవే బాగుంటాయి మనకు. మీ అమ్మ ఇప్పుడు ఆన్‌లైన్లో అమ్ముకోవచ్చు కదా బ్రదర్.

నంద్యాల మిక్సీ రిపేరు:

మాటకారి గారూ, కన్ను ఇచ్చిన సీతాఫలాన్ని కొరియర్‌లో వేసి చూడండి. అవతలివాళ్లకు గింజలు, అట్టపెట్టె చేరతాయి.

పెద్దాయనా, చాలా థ్యాంక్స్. అటవీ శాఖ ఆఫీసుకు ఈ వారమే పోతా. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. తెల్లదొరలు కరువుకు వేసిన లైనని ఆమెకు తెలుసట, వాళ్ల జేజి చెప్పేదట. టోకెన్ రింగు కూడా గుర్తుంది. "ఆ రింగు దెబ్బ ఒక పిల్లోడికి తగిలి నుదురు చిట్లింది, మేమే పసుపు పెట్టినాం" అంది.

కదిరి కుంకుమ:

అన్నా, మాది కదిరి. మీ మొదటి ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయా.

మాది ధర్మవరం–పాకాల లైను. 1890లలో వేసిన చిన్న లైనే, రెండొందల పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ముదిగుబ్బ, కదిరి, ములకలచెరువు, మదనపల్లె రోడ్డు, పీలేరు, ఆ పైన పాకాల. మా వైపు వాళ్లకు తిరుపతి అంటే ఆ బండే. మీ వైపు తొంభైల్లో మార్చారు, మాది రెండువేల తర్వాత గానీ మార్చలేదు. పెద్ద లైను మీద బండి తిరిగేసరికి 2010 వచ్చింది.

మా తాతకు స్టేషన్ బయట చిన్న హోటలు. హోటలంటే నాలుగు కర్రలు, రేకు, రెండు బల్లలు. పొద్దున ఉగ్గాణి బజ్జీ, సాయంత్రం టీ. తాతకు గడియారం లేదు. సిగ్నల్ రెక్క వంగింది చూసి బొరుగులు నీళ్లలో వేసేవాడు. ముందే వేస్తే మెత్తబడి ముద్దవుతాయి, ఆలస్యంగా వేస్తే బండి వెళ్లిపోతుంది. రెక్క వంగినాక బొరుగులు నానబెట్టి, పిండి, తిరగమోతలో వేసి, పప్పుల పొడి చల్లి పొట్లాలు కట్టేసరికి బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేది. ఆ లెక్క ఆయన చేతుల్లోనే ఉండేది.

లైను మూసినప్పుడు తాత ఏమీ దిగులు పడలేదు. పట్టాలు పీకేవాళ్లు, కంకర పోసేవాళ్లు వచ్చారు, మొదటి ఏడు వ్యాపారం పెరిగింది కూడా. పని ముందుకు జరిగేకొద్దీ వాళ్లూ జరిగిపోయారు. తర్వాత స్టేషన్ రోడ్డులో కుక్కలు తప్ప ఎవరూ లేరు. తాత బల్లలు అమ్మేసి ఇంటికొచ్చి కూర్చున్నాడు. కొత్త బండి వచ్చిన మొదటి రోజు నాన్న ఆయన్ని స్కూటర్ మీద తీసుకెళ్లాడు. తాత రంగురంగుల లైట్ల సిగ్నలు చూసి, "రెక్క యాడ పెట్టినారు?" అన్నాడు.

బండి వచ్చింది, నేనూ ఎక్కుతున్నా, సుఖంగానే ఉంది. గార్డు గారు చెప్పినట్టు మార్చొద్దని నేనూ అనను. కానీ మూసిన ఆ కొన్నేళ్లలో మా వీధిలో జనమంతా బస్సుకు, జీపుకు అలవాటుపడ్డారు. తిరుపతికి గుండు కొట్టించడానికి ఇరవై మంది కలిసి పోవడమనేది పోయింది. ఇప్పుడు ఎవరి కారు వాళ్లది, కుటుంబానికి నలుగురు.

డోన్ సీజన్ టికెట్:

మా లైను పెద్దదయి చాన్నాళ్లయింది, నేను చెప్పేది అది కాదు. అయినా నా కథ వినండి.

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తా. రోజూ ప్యాసింజర్లో పోయి వచ్చేవాణ్ని. 2020 మార్చిలో కరోనాకు అన్ని బళ్లూ ఆగాయి. మళ్లీ మొదలైనప్పుడు అదే పెట్టెలు, అదే పట్టాలు, పేరు మాత్రం ఎక్స్‌ప్రెస్ స్పెషల్. పది రూపాయల కనీస ఛార్జీ ముప్పై అయింది. మొదట్లో సీజన్ టికెట్లు కూడా లేవు. లెక్కలు రాసేవాడికి ఆ లెక్క అర్థం కావడానికి ఎంతసేపు! బైకు కొన్నా. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పది చేశారు. సంతోషం. బైకు ఈఎంఐలు కట్టినాక దాన్ని ఇంట్లో పెట్టి రైలెక్కుతానా? నాతోపాటు పెట్టెలో పేకాడే ఎనిమిది మందీ ఇప్పుడు బైకుల మీదే. ఎర్ర సిగ్నల్ దగ్గర కలుస్తాం.

ఎడిన్‌బరోలో తాడిపత్రి:

నేను ఉద్యోగం కోసం స్కాట్లాండ్‌లో ఉంటున్నా, సొంతూరు తాడిపత్రి. మీ ప్రశ్న ఇక్కడివాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ఎందుకంటే లైన్లు మూయడం వీళ్లకు ఒక పెద్ద గాయం.

1963 మార్చిలో బీచింగ్ అనే ఆయన ఒక రిపోర్టు ఇచ్చాడు. ఆయన అంతకుముందు రసాయనాల కంపెనీలో పెద్ద ఉద్యోగి, రైల్వేను నష్టాల్లోంచి బయటపడేయమని తెచ్చి కూర్చోబెట్టారు. సుమారు 5,000 మైళ్ల లైన్లు, 2,363 స్టేషన్లు మూసేయాలని ఆయన లెక్క తేల్చాడు. అన్నీ మూయలేదు గానీ చాలావరకు మూశారు. చిన్న లైనులో ఎక్కినవాడు పెద్ద లైనులోకి మారతాడనే సంగతి ఆ లెక్కలో సరిగ్గా పట్టలేదని ఇక్కడ ఇప్పటికీ వాదిస్తారు. చిన్న లైను తీసేస్తే వాడు ఊరి నుంచి పెద్ద స్టేషన్ దాకా బస్సులో వచ్చి రైలెక్కుతాడనుకున్నారు. వాడు కారు కొన్నాడు. పై పోస్టులో డోన్ అన్న బైకు కొన్నట్టే.

నేనుండే ఊరి నుంచి దక్షిణంగా కార్లైల్ దాకా వేవర్లీ అనే లైను ఉండేది. 1969 జనవరిలో దాని మీద ఆఖరి బండి. న్యూకాసిల్‌టన్ అనే పల్లెలో జనం అర్ధరాత్రి చలిలో వచ్చి లెవెల్ క్రాసింగ్ గేట్లు అడ్డం వేసి నిలబడ్డారు. వాళ్ల చర్చి ఫాదరును పోలీసులు పట్టుకుపోయారు. ఆ బండిలోనే ఉన్న ఎంపీ దిగి సర్దిచెప్పి, ఫాదరును విడిపించాక గానీ గేట్లు తీయలేదు. బండి పోయింది, లైనూ పోయింది. 46 ఏళ్ల తర్వాత, 2015 సెప్టెంబరులో ఎడిన్‌బరో నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా 30 మైళ్లు మళ్లీ వేశారు. ఆ పైన హాయిక్ ఊరికి, న్యూకాసిల్‌టన్‌కు ఇంకా రైలు లేదు. చాలాచోట్ల పాత లైను నేల మీద ఇళ్లు, రోడ్లు వచ్చేశాయి, వేద్దామన్నా దారి లేదు.

నాకు తేడా కనిపించేది ఒకచోట. ఇక్కడ మూసేది మూసేదే అని చెప్పారు. ఏ స్టేషనో పేరుపేరునా అచ్చు వేశారు. జనానికి కొట్లాడటానికి ఒక కాగితమైనా చేతిలో ఉంది. మన దగ్గర లైను ఉంది, పెద్దదయింది, కరెంటు కూడా వచ్చింది, కాబట్టి ఏదీ మూసినట్టు కాదు. మిక్సీ అన్న వాళ్ల అమ్మ స్టేషను ఏ జాబితాలోనూ ఉండదు.

కదిరి కుంకుమ:

తాడిపత్రి అన్నా, జాబితా ఉన్నా వాళ్లకు ఒరిగింది ఏముంది? 46 ఏళ్లు!

ప్రొద్దుటూరు పాత బస్టాండు:

మీరంతా పోయిన రైలు గురించి ఏడుస్తున్నారు. మా ప్రొద్దుటూరుకు మొన్నమొన్నటి దాకా ఉంటే కదా పోవడానికి. బంగారానికి, బట్టలకు ఇంత పేరున్న ఊరు, రైలెక్కాలంటే ఎర్రగుంట్ల పోవాల్సి వచ్చేది. మా ఊరి మీదుగా పోయే నంద్యాల–ఎర్రగుంట్ల లైను 1996లో మంజూరైంది, 2016లో బండి తిరిగింది. 123 కిలోమీటర్లకు ఇరవై ఏళ్లు. అప్పటికి మా తరమంతా బస్సుల్లోనే ముసలివాళ్లమయ్యాం. ఇక కడప–బెంగళూరు లైను పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు వేసి ఆపారు. పుట్టకముందే మూసిన లైనుకు ఏ పేరు పెట్టాలో ఎవరైనా చెప్పండి.

నంద్యాల మిక్సీ రిపేరు:

ఆలస్యానికి క్షమించండి, దసరా ముందు మిక్సీల సీజను.

అందరివీ అమ్మకు చదివాను. తాడిపత్రి అన్న రాసిన చర్చి ఫాదరు కథ రెండుసార్లు చదివించుకుంది. విన్నాక, "వాళ్లకు ఫాదరుండె, ఎంపీ ఉండె. మేం నలుగురు గంపలోళ్లం. అడ్డం ఏద్దామన్నా మా టేసన్లో గేటే లేదు కదరా" అంది.

అటవీ శాఖ వాళ్లు బాగానే మాట్లాడారు. పాత స్టేషన్ దాకా ఆమెను నడిపించడం కుదరదు, దారి మూసుకుపోయింది, జంతువులు తిరుగుతున్నాయి అన్నారు. వానలు పోయాక జీపు వెళ్లగలిగినంత దూరం తీసుకెళ్లి దొరబావి వంతెన స్తంభాలు దూరం నుంచి చూపిస్తామన్నారు. అమ్మకు చెబితే మొదట మొహం మాడ్చుకుంది. "వంతెన ఎవురికి గావాల? దాని మీద పోయేటప్పుడు ఎప్పుడూ కండ్లు మూసుకున్నా" అంది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఆ రోజుకు రెండు గంపలు కావాలంటోంది. ఎందుకమ్మా అంటే, దారిలో చెంచులు కనబడితే కాయలు తీసుకుందామట. జీపులో పెట్టుకోనిస్తారా అని నన్ను కనుక్కోమంది. నేను ఇంకా అడగలేదు, నాకే టెన్షన్‌గా ఉంది.

గార్డు గారూ, మీకు ఒక విషయం. మీరు గార్డని చెప్పగానే అమ్మ లేచి కూర్చుంది. లైను మూసే ముందు సీజన్‌లో ఒక గార్డు గారు ఇంట్లో శుభకార్యం ఉందని ఒక గంప కాయలు తీసుకొని, డబ్బులు మరుసటి ట్రిప్పులో ఇస్తానన్నారట. పదకొండు రూపాయలు. మరుసటి ట్రిప్పు రాలేదు. మనిషి సన్నగా, మీసంతో ఉంటారట. అడగమని ఒకటే పోరు. మీరేనా?

గుంతకల్లు పాత గార్డు:

అయ్యో తమ్ముడూ, ఆ రోజుల్లో గుంతకల్లులో గార్డులందరమూ సన్నగా మీసంతోనే ఉండేవాళ్లం. నాకు మాత్రం ఆ ఏళ్లలో బళ్లారి వైపు డ్యూటీ. ఒట్టు.

అయినా మా వాడు ఎవడో తిన్నాడు కాబట్టి బాకీ నాది. ఫోన్‌పే నంబరు మెసేజ్‌లో పంపు. వడ్డీ ఎంతో అమ్మగారినే చెప్పమను. జీపులో గంపల సంగతి కూడా ముందే అడిగి పెట్టుకో, అడవి నుంచి ఏది బయటికి తేవాలన్నా వాళ్ల రూలు వాళ్లకుంటుంది. పండ్లు దొరికితే నాకు కన్ను ఇయ్యనివి పక్కన పెట్టమని చెప్పు. గుంతకల్లు దాకా రావాలి కదా.